పిండిముద్ద ఎక్కడి నుంచి వచ్చింది?

భీమవరం బజారులో పిల్లల బొమ్మలమ్మే దుకాణానికి వెళితే రంగురంగుల పిండిముద్దలున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు కనిపిస్తాయి. ధర ఎక్కువనుకున్న తల్లులు, అందులో ఏం కలిపారోనని సందేహించిన తల్లులు, ఇంట్లోనే మైదా, ఉప్పు, నూనె, నీళ్లు కలిపి పొయ్యి మీద తిప్పి అలాంటి ముద్దే తయారుచేస్తున్నారు. రంగుకి పసుపో బీట్‌రూట్ రసమో సరిపోతుంది. ఈ పని గురించి సాధారణంగా వినిపించే అభిప్రాయం ఒకటే: ఇది ఇంగ్లీషు నర్సరీ బళ్లతో పాటు దిగుమతయిన అలవాటు, మన ఇళ్లలో పూర్వం ఇలాంటిది లేదు. ఆ అభిప్రాయం తప్పని నా వాదన. పిల్లల చేతిలో ముద్ద పెట్టి ఆకారం చేయించడం గోదావరి డెల్టాకు పాత సంగతే. దానికి ఆటవస్తువు అనే పేరు మాత్రం ఎప్పుడూ లేదు. పండగ పేరుతో, వంట పేరుతో, పూజ పేరుతో అది నడిచింది. ఆటవస్తువుల చరిత్ర రాసేవాళ్లు దుకాణంలో అమ్మినవాటినే లెక్కపెడతారు కాబట్టి పెరట్లో గోడకి ఆరిన ముద్దలు ఆ లెక్కలోకి రాలేదు.

ముందు ఆ డబ్బాలోని ముద్ద సంగతే చూద్దాం. ప్రపంచమంతా ప్లే-డో అని పిలిచే ఆ పదార్థం బొమ్మల కోసం పుట్టలేదు. అమెరికాలోని సిన్సినాటి నగరంలో కుటోల్ అనే కంపెనీ 1930లలో దాన్ని గోడకాగితాల మీది మసి తుడవడానికి తయారుచేసింది. అక్కడి ఇళ్లలో చలికాలం బొగ్గు కాల్చేవారు. ఆ మసి గోడకి అంటించిన కాగితానికి పట్టేది. నీళ్లతో కడిగితే కాగితం పాడవుతుంది కాబట్టి పిండితో చేసిన మెత్తని ముద్దతో అద్దేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బొగ్గు పోయి గ్యాసు వచ్చింది, కడగడానికి వీలైన వినైల్ కాగితాలు వచ్చాయి, ఆ ముద్దతో పని లేకుండా పోయింది. 1950ల నడుమ కే జుఫాల్ అనే నర్సరీ టీచరు దాన్ని తన బడిపిల్లలకిచ్చి క్రిస్మస్ అలంకారాలు చేయించింది. కంపెనీ నడుపుతున్న జో మెక్‌వికర్‌కి ఆమె బంధువు. 1956లో అదే ముద్ద కొత్త పేరుతో బొమ్మల కొట్టుకెక్కింది. అంతకుముందు ఇంగ్లండులో విలియం హార్బట్ 1897లో చేసిన ప్లాస్టిసీన్ కూడా శిల్పం నేర్చుకునే విద్యార్థుల కోసం తయారైనదే. పిల్లలు దాన్ని తర్వాత అందుకున్నారు. అంటే పెద్దల పనికి వాడే పదార్థం పిల్లల చేతికి జారడమే ఈ వస్తువు చరిత్ర. ప్లే-డో విషయంలో జారిన దారి ఒక పండగ అన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఈ రెండు లక్షణాలూ డెల్టాలో అంతకన్నా పాత రూపంలో కనిపిస్తాయి.

కాబట్టి మన దగ్గర అడగాల్సిన ప్రశ్న వేరు. ప్లే-డో ఏ ఏడు వచ్చిందన్నది పక్కనపెట్టి, ఈ ఊళ్లలో పెద్దలు రోజూ చేత్తో పిసికిన పదార్థాలేమిటి, వాటిలో పిల్లలకి ఎంత అందింది అని అడగాలి. మొదటిది మన్ను. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి దక్కన్ నల్లరాతి నేలల్ని కోసుకుంటూ వచ్చి, ఆ ఒండ్రుని ఇక్కడ పరిచింది. నీరు తగిలితే ఉబ్బి, ఆరితే నెరెలు విచ్చే బంకమన్ను అది. కుమ్మరి దాన్ని ఉన్నదున్నట్టు సారె మీదికి ఎక్కించడు. ఇసుకో ఊకో కలిపి, కాళ్లతో తొక్కి, రాళ్లు ఏరి, నానబెట్టి గాని వాడడు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత కాలువలు పల్లెపల్లెకీ వచ్చాయి. ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తే అడుగున నునుపైన ఒండ్రు బయటపడుతుంది. బడి సెలవులూ అప్పుడే. పిల్లల మట్టిపనికి ముడిసరుకు ఇంత తేలిగ్గా దొరికే ప్రాంతాలు ఎక్కువ ఉండవు. తెలుగులో ఈ ఆటలకు సొంత పేర్లున్నాయి: పాదం మీద తడి ఇసుక అదిమి కాలు మెల్లగా తీస్తే నిలిచేవి పిచ్చుకగూళ్లు, చిన్న పిడతల్లో వండినట్టు నటించే వంట గుజ్జనగూళ్లు, ఆడుకోవడానికి కట్టుకునేది బొమ్మరిల్లు. ఒక పనికి భాషలో స్థిరమైన పేరు నిలిచిందంటే ఆ పని తరతరాలుగా ఒకే తీరున జరిగిందని అర్థం.

రెండోది పేడ. పట్నవాసపు చదువరికి ఈ మాట ఇబ్బందిగా ఉండొచ్చు గాని, పిల్లలు చేత్తో ఆకారం చేసే పని డెల్టాలో అన్నిటికన్నా నియమంగా జరిగింది దీనితోనే. డిసెంబరు నడుమ ధనుర్మాసం రాగానే భోగి పిడకల పని మొదలవుతుంది. ఈ పని పూర్తిగా పిల్లలది. పచ్చిపేడని చిన్న బిళ్లలుగా తట్టి, నడుమ వేలితో చిల్లు పెట్టి, గోడకో అరుగు మీదో ఆరబెట్టి, ఎండాక తాడుకి గుచ్చి దండ చేస్తారు. భోగి తెల్లవారుజామున ఆ దండ తీసుకెళ్లి మంటలో వేస్తారు. దీన్ని ఒక్కసారి పాఠశాల పనిలా చూడండి. పేడ మరీ పలచనైతే బిళ్ల నిలవదు, మరీ గట్టిదైతే అంచు పగులుతుంది. చిల్లు తడిగా ఉన్నప్పుడే పెట్టాలి, ఆరాక పెడితే రెండు ముక్కలవుతుంది. బిళ్లలు ఒకే సైజులో ఉంటేనే దండ అందంగా వస్తుంది. మంచు కురిసే ఉదయాల్లో ఎండ ఏ గోడ మీద ఎక్కువసేపు ఉంటుందో చూసుకోవాలి. కొలత, తడి, ఓపిక, లెక్క, చివర అందరి ముందూ దండ చూపించుకునే సంబరం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అదే నెలలో ఆడపిల్లలు ముగ్గుల నడుమ పెట్టే గొబ్బెమ్మలు కూడా చేత్తో చేసిన శంకువులే; వాటి మీద గుమ్మడిపువ్వు నిలబడాలంటే ముద్దకి బిగువుండాలి. పండగయ్యాక గొబ్బెమ్మలు పిడకలవుతాయి, ఆ పిడకల మీద రథసప్తమి నాడు పాలు పొంగిస్తారు. చేసినదేదీ దాచరు. అందుకే మ్యూజియంలో పెట్టడానికి ఏదీ మిగల్లేదు.

మూడోది బియ్యప్పిండి, నా వాదనకి అసలు బలం ఇదే. గోధుమపిండిలో సాగే గుణమిచ్చే గ్లూటెన్ ఉంటుంది; నీళ్లు పోసి పిసికితే చాలు, ముద్ద అవుతుంది. వరిలో అది లేదు. వట్టి పొడిపిండిలో చన్నీళ్లు పోస్తే ముద్ద చేతిలోనే రాలిపోతుంది. వరే ప్రధాన పంటగా ఉన్న డెల్టా ఆడవాళ్లు ఈ ఇబ్బందికి రెండు ఉపాయాలు కనిపెట్టుకున్నారు. ఒకటి తడిపిండి. బియ్యం నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే రోట్లో దంచి జల్లిస్తే పిండి మెత్తగా, పట్టు గలదిగా వస్తుంది. అది పాకంతో కలిస్తే చలిమిడి. అరిసెలు తట్టడానికి కలిపే ముద్ద పేరూ అదే. రెండోది ఉడుకుపిండి. మరిగే నీళ్లలో పిండి పోసి మూతపెడితే గంజి గుణం విడుదలై, గింజకీ గింజకీ మధ్య అదే జిగురవుతుంది. ఉండ్రాళ్లు, కుడుములు, పాలతాలికలు ఈ పిండితోనే. పాలతాలికలంటే వేడి తగ్గిన ముద్దని అరచేతుల మధ్య సన్నని వత్తుల్లా నలపడం. ఇవాళ నర్సరీ టీచరు పిల్లల చేత రంగుపిండితో పాములు చేయించేటప్పుడు వేళ్లు కదిలే తీరు సరిగ్గా ఇదే. ఇక పిండిదీపాల సంగతి: బియ్యప్పిండి, బెల్లం కలిపిన ముద్దని బొటనవేలితో నొక్కి ప్రమిద చేసి, నెయ్యి పోసి వెలిగించి, కొండెక్కాక ప్రసాదంగా తింటారు. ప్రతి పూజకీ ముందు పసుపుముద్దతో గణపతిని చేయడం, నోముల్లో పసుపు గౌరమ్మని చేయడం కూడా ఈ వరసలోవే. ఇవన్నీ శిల్పాలు కావు. కాని మెత్తటి ముద్దలోంచి ఒక రూపం తీసి, దానికి పేరు పెట్టి, దాన్ని ఆ రూపంగా అంగీకరించడం ఇంట్లో తరచూ జరిగేది, పిల్లల కళ్ల ముందే జరిగేది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. అది పూజ, అది వంట, ఆట కాదు కదా అంటారు. మడి కట్టుకున్నవాళ్లు పిల్లల్ని దగ్గరికి రానివ్వరు, నైవేద్యం కాకముందు ముట్టుకోనివ్వరు, మరి పిల్లల చేతికి పిండి ఎక్కడ అందింది? మడి పాటించే ఇళ్ల విషయంలో ఈ మాటలో నిజముంది, నేను కాదనను. అయితే పిండివంటల రోజున గిన్నె అంచుకి అంటుకున్న చలిమిడి, ఆఖరి వాయికి మిగిలిన చిన్న ముద్ద ఎవరికి పోయేవి? పాలతాలికలు చెయ్యడానికి ఎన్ని చేతులున్నా చాలవు; గవ్వలు చెక్క మీద నొక్కి చుట్టడం చిన్న వేళ్లకే తేలిక. పని పెద్దదైనప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం ఏ పల్లెలోనైనా మామూలే. ఇంకో సంగతి: పని, ఆట అని గీత గీసి విడదీయడం ఈ చరిత్రకి ఎక్కడా నప్పదు. 1837లో జర్మనీలో తన శిశు పాఠశాల మొదలుపెట్టిన ఫ్రోబెల్ పిల్లల చేత మట్టిబొమ్మలు చేయించినప్పుడు దాన్ని వృత్తి అనే అర్థం వచ్చే మాటతోనే పిలిచాడు. జుఫాల్ బడిలో పిల్లలు చేసినవీ పండగ అలంకారాలే. అక్కడ పండగపని ఆటగా లెక్కకొస్తే, ఇక్కడ భోగిదండ ఎందుకు రాదు?

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. బియ్యప్పిండి అందరి ఇళ్లలోనూ ఉందా? లేదు. కూలి గింజల మీద బతికిన కుటుంబాలకి బియ్యం నానబెట్టి, దంచి, బెల్లపు పాకం పట్టడం ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చే భాగ్యం. ఆ ఇళ్ల ఆడవాళ్లు తమ పిండి కన్నా పెద్ద రైతుల ఇళ్ల పిండే ఎక్కువ దంచారు. అందువల్ల చలిమిడి ముద్దని డెల్టా బాల్యమంతటికీ గుర్తుగా చూపిస్తే అది అబద్ధమవుతుంది. మన్నూ పేడా లేకుండా ఈ చరిత్ర నిలవదని నేననేది అందుకే. ఈ మూడు ముద్దలూ ఇళ్లనీ వీధుల్నీ బట్టి పంపకమయ్యాయి. ఎవరి పిల్లలు దేన్ని తాకవచ్చో, ఎవరు తాకితే తప్పో కులం చెప్పింది. ఆడపిల్లకి పిండి, మగపిల్లవాడికి మన్ను అన్న విభజన కూడా ఉంది. పాలతాలికలు చుట్టడం రానక్కర్లేదని మగపిల్లల్ని వంటింటి గడప దగ్గరే ఆపేశారు. భోగిదండ ఒక్కటే ఈ గీతల్ని చాలావరకు దాటింది. దుకాణపు పిండి డబ్బా ఈ అడ్డుగోడల్ని లెక్కచెయ్యదు. అందులోని ముద్ద ఎవరు ముట్టినా మైలపడదు, పూజకి పనికిరాకుండా పోదు. అది తెచ్చిన మేలు ఇది, ఒప్పుకోవాలి.

పాతదనానికి సాక్ష్యమేదని అడిగేవారూ ఉంటారు. తెలుగునేల మీద కొండాపురంలో, నాగార్జునకొండలో తవ్వినప్పుడు సాతవాహన, ఇక్ష్వాకుల కాలపు మట్టిబొమ్మలు దొరికాయి. కొండాపురంలో తెల్లమట్టితో, రెండు అచ్చుల నడుమ ఒత్తి లోపల గుల్లగా చేసిన బొమ్మలు కూడా ఉన్నాయి. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికానికి ఆ పేరొచ్చిందే పిల్లవాడి మట్టిబండి వల్ల; పొరుగింటి కుర్రవాడి బంగారు బండి చూశాక ఆ బాలుడు మట్టిబండి వద్దని ఏడుస్తాడు. వీటిని చూపించి మనకంతా ముందే ఉందనడం తేలిక, కాని నేను అలా అనను. అవి పనివాళ్లు పిల్లల కోసం చేసిన బొమ్మలు. పిల్లలే చేసినవి కావు. కొండపల్లి వారు తెల్లపొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికించి తీర్చిన బొమ్మలూ అంతే. పిల్లలు స్వయంగా చేసినది తిన్నారు, తగలబెట్టారు, నీళ్లలో కలిపారు. దానికి తవ్వకాల్లో సాక్ష్యం దొరకదు. మాటల్లోనూ ఆచారాల్లోనూ దొరుకుతుంది. అందుకే ఎంత పాతది అన్న ప్రశ్నకి శతాబ్దాల లెక్క చెప్పను. ప్లాస్టిక్ డబ్బా కన్నా పాతదని మాత్రం నిస్సందేహంగా చెప్పగలను.

మరి ఇంత దగ్గరగా ఉన్నది ఎలా దూరమైంది? తల్లులకి ఓపిక తగ్గిందని నింద వేస్తుంటారు, అది అన్యాయం. రోకలి పోటు ఆడవాళ్ల నడుములు విరిచిన పని. పిండిమర రావడం వాళ్లకి విముక్తి. కాని దంచడం ఇల్లు దాటాక, దాని వెనకే వండడమూ దాటింది. ఇవాళ సంక్రాంతి అరిసెలు మిఠాయి దుకాణం నుంచి డబ్బాల్లో వస్తాయి, అక్కడి నుంచే హైదరాబాదుకీ అమెరికాకీ పార్సిళ్లు పోతాయి. వంట బయటికి వెళ్లినప్పుడు గిన్నె అంచు ముద్ద కూడా దాంతోపాటే వెళ్లిపోయింది. మన్ను కథ ఇంకా వేగంగా నడిచింది. 1980ల నుంచి భీమవరం చుట్టూ వరిచేలు చేపల చెరువులయ్యాయి, తర్వాత రొయ్యల చెరువులయ్యాయి. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఆ జోరు మరింత పెరిగింది. చెరువు గట్టు పిల్లలు ఆడుకునే చోటు కాదు. ఊరి మధ్య నుంచి పోయే యనమదుర్రు డ్రెయిను మన్నుని పిల్లవాడి చేతికి ఇవ్వాలని ఏ తల్లీ అనుకోదు. వినాయకుణ్ణి కుమ్మరి దగ్గర తెచ్చిన మట్టితో చేసుకునే చోట ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహం వచ్చి కూర్చుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో దాన్ని వద్దని మార్గదర్శకాలు ఇచ్చేదాకా చాలా ఇళ్లలో చవితి నాటి మట్టిపని ఆగిపోయే ఉంది. పశువులు తగ్గాక పిడకలు కూడా కొనుక్కునే సరుకయ్యాయి. ముడిసరుకులు మూడూ ఇలా ఇంటి నుంచి తప్పుకున్న కాలంలోనే డబ్బా వచ్చింది. ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి 1987లో ఫన్‌స్కూల్ పెట్టాయి. దాని ఫన్‌డో డబ్బాలు మన ఊళ్లకి చేరాయి. అప్పటికే ఖాళీ అయిన చోట్లోకి దుకాణపు ముద్ద వచ్చింది తప్ప, ఇంటి ముద్దని అది తరిమెయ్యలేదు.

బడి పాత్ర గురించి కొద్ది మాటలు చాలు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చింది. చేతిపని ద్వారా బుద్ధి ఎదుగుతుందన్న ఆలోచన ఆ తర్వాత మన శిశువిద్యలో బలపడింది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో అంగన్‌వాడీలు వచ్చాయి, మట్టితో పిండితో ఆడించడం పూర్వ ప్రాథమిక విద్యలో భాగమైంది. బడి ఈ పనికి కారణాలు చెప్పింది, గౌరవం ఇచ్చింది. పని నేర్పింది మాత్రం అది కాదు.

ఇక ఇంట్లో చేసే మైదా ముద్ద. డెల్టా వంటింటికి గోధుమ పాత చుట్టం కాదు. మైదా మరీ కొత్తది. అయినా ఈ ముద్ద చేసే విధానం చూడండి. నీళ్లు మరిగించడం, పిండి పోయడం, అంటుకోకుండా నూనె వెయ్యడం, అడుగు వదిలేదాకా తిప్పడం, గోరువెచ్చగా ఉండగా మర్దించడం, తడిగుడ్డ కప్పడం. ఇది ఉండ్రాళ్ల పిండికి చేసే పనే. ఏ పుస్తకమూ చూడకుండా భీమవరం అమ్మమ్మ దీన్ని సరిగ్గా చెయ్యగలదు. తేడా ఉప్పులో ఉంది. మైదాకి సగం ఉప్పు పోస్తారు, బూజు పట్టకుండా వారాల తరబడి ఉండాలని. అయితే ఉప్పు గాలిలోని చెమ్మని పీలుస్తుంది కాబట్టి, సముద్రం దగ్గరి ఈ ఊళ్లో వానాకాలం ఆ ముద్ద చెమ్మగిల్లి చేతికి అంటుకుంటుంది. పైగా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి అంత ఉప్పు హాని చేస్తుంది. బియ్యప్పిండి ముద్ద రెండో రోజుకే పులుస్తుంది, ఆరితే పగులుతుంది, కాని పిల్లవాడు ఒక ముక్క కొరికినా భయపడనక్కర్లేదు. నిల్వ కావాలంటే మైదా, ఉప్పు మంచివే. రెండేళ్ల బిడ్డకి మాత్రం పాత పద్ధతే మేలని నా తీర్పు.

పాత పద్ధతి మొత్తంగా మేలా అంటే, అది వేరే మాట. డబ్బాలోని ముద్దకి ఒక గుణం ఉంది, అది మన చలిమిడికి ఎన్నడూ లేదు: నచ్చింది చెయ్యొచ్చు, చెడగొట్టి మళ్లీ మొదలుపెట్టొచ్చు. మన ముద్దలకి ముందే పేర్లున్నాయి, కొలతలున్నాయి, చెయ్యకూడనివి ఉన్నాయి. స్వేచ్ఛ గిన్నె అంచున మిగిలిన ముద్దకే దక్కింది. సంక్రాంతికి ముందు భీమవరంలో పిండిమరల దగ్గర తడిబియ్యం గిన్నెలు ఇప్పటికీ బారులు తీరుతున్నాయి. మీ ఇంటికి తెచ్చుకున్న పిండిలోంచి, పాకంలో పోయకముందే ఒక గుప్పెడు పక్కకి తియ్యండి. మరిగిన నీళ్లతో కలిపి, చల్లారాక ఆడపిల్లకీ మగపిల్లవాడికీ చెరో ముద్ద ఇవ్వండి. ఏం చెయ్యాలో మాత్రం చెప్పకండి.